కిడ్నీ మార్పిడి తర్వాత: జీవితాంతం మాత్రలా, శరీరం ఒప్పుకునేలా చేయడమా?

కిడ్నీ మార్పిడి అయ్యాక ఇప్పుడు దాదాపు అందరిదీ మాత్రల దారే. టాక్రోలిమస్, మైకోఫినోలేట్ వంటివి రోజూ టైముకి వేసుకోవాలి. శరీరం కొత్త కిడ్నీని పరాయిదిగా చూసి దాడి చేయకుండా ఇవి రోగనిరోధక శక్తిని మొత్తంగా తగ్గిస్తాయి. కొత్త కిడ్నీ నిలుస్తుంది, కానీ ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్ ముప్పు పెరుగుతాయి. షుగర్ రావచ్చు, చేతులు వణకవచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి: ఏళ్ల తరబడి వాడితే టాక్రోలిమస్ ఆ కిడ్నీనే దెబ్బతీయగలదు.

రెండోది, పరాయి అవయవాన్ని శరీరం తనదిగా ఒప్పుకునేలా చేయడం. 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడావర్ బృందం ఎలుకల్లో ఇది సాధ్యమని చూపింది. తర్వాత బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు కిడ్నీతో పాటు రోగనిరోధక కణాలు పుట్టే ఎముక మజ్జనూ అదే దాత నుంచి తీసి రోగికి ఎక్కించారు. 2008లో ప్రకటించిన ఫలితాల్లో ఐదుగురిలో నలుగురు ఆ మాత్రలు పూర్తిగా మానేయగలిగారు. ఎంత పెద్ద ఊరట! కానీ ఐదో వ్యక్తి ఆ కిడ్నీని కోల్పోయారు. పైగా ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే కీమో మందు, థైమస్‌కు (ఛాతీలో ఉండే రోగనిరోధక గ్రంథికి) రేడియేషన్ మొదలుపెట్టాలి. అందుకే బతికున్న దాత ఉన్నవాళ్లకే ఇది వీలైంది.

ఈ రోజుకైతే నేను మాత్రల వైపే. డాక్టర్‌ని అడగకుండా ఒక్క డోసు కూడా మానొద్దు.