బీబీ కా మఖ్బరాకి ఒక పూట ఇవ్వండి

షిర్డీ, ఎల్లోరా వెళ్లే మనవాళ్లు చాలామంది ఔరంగాబాద్‌లో (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) బీబీ కా మఖ్బరాని సాయంత్రం పావుగంటలో ముగించేస్తారు. మా క్యాబ్ డ్రైవర్ కూడా "తాజ్‌కి నకలు సార్, అరగంట చాలు" అన్నాడు. అందుకే మర్నాడు పొద్దున్నే ఆటోలో మళ్లీ వెళ్లాం. రెండు గంటలు సరిపోలేదు.

ఔరంగజేబు భార్య దిల్‌రాస్ బాను బేగం 1657లో చనిపోయారు. ఆమె సమాధి ఇది. డిజైన్ చేసిన అతావుల్లా తాజ్ శిల్పి ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కొడుకే కాబట్టి పోలిక ఎలాగూ వస్తుంది. కానీ తాజ్‌కి మూడు కోట్లకు పైగా ఖర్చయిందంటారు. దీనికి పాత లెక్కల ప్రకారం ఏడు లక్షలు కూడా కాలేదు. గోడల అడుగు భాగానికీ, పైన గుమ్మటానికీ పాలరాయి వాడారు. మధ్యదంతా దక్కన్ నల్లరాయి, దానిమీద సున్నపు పూత. నాకు బాగా నచ్చింది ఆ పూతే. దగ్గరికెళ్లి చూస్తే తీగలు, పూలరేకులు సున్నంలోనే ఎంత సన్నగా తీశారో తెలుస్తుంది. కొన్నిచోట్ల పెచ్చులూడి నల్లబడింది, చూస్తే బాధేస్తుంది. మినార్లు మాత్రం భవనానికి కాస్త పొడుగెక్కువే అనిపించాయి.

లోపల మనం నిలబడేచోటుకి కింది అంతస్తులో ఉంది అసలు సమాధి. చుట్టూ ఎనిమిది పలకల పాలరాతి జాలీ. పైనుంచి వంగి చూస్తే గుడ్డ కప్పిన సమాధి మీద జనం వేసిన నాణేలు కనిపిస్తాయి. జాలీల్లోంచి పొద్దుటి ఎండ పడే వేళకి వెళ్తే మంచిది, జనం కూడా తక్కువ.

పడమటి వైపున్న మసీదుని మాత్రం తర్వాతెప్పుడో నిజాం కాలంలో కట్టారు. 1956 దాకా ఈ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలోదే కదా! హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఆ మసీదుని వదలకుండా చూడాలి.

మేం స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం పొద్దున కాసేపే. రాత్రంతా హారన్లు. చిన్నపిల్లలతో వస్తే కాస్త ఖర్చయినా లోపలి వీధుల్లో హోటల్ చూసుకోండి. ఆటోవాళ్లు రానూపోనూ కలిపి అడుగుతారు, ఎంతసేపు ఆగాలో ముందే మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు. గైడ్ కావాలంటే తాజ్ కథలు కాకుండా ఈ కట్టడం గురించే చెప్పమనండి. భోజనానికి పాతబస్తీలో నాన్ ఖలియా (నాన్ రొట్టెతో తినే మాంసం కూర) తిన్నాం. ఘాటు పర్వాలేదు, నాన్ అద్భుతం.

పన్‌చక్కీ దగ్గర్లోనే ఉంది. ఊరి బయటి ఊట నుంచి మట్టి గొట్టాల్లో నీళ్లు తెచ్చి తిరగలి తిప్పేవారట. ఎల్లోరాకి మంగళవారం, అజంతాకి సోమవారం సెలవు. ఆ రెండింట్లో ఏదో ఒక రోజు ఉదయాన్ని మఖ్బరాకీ, మధ్యాహ్నాన్ని పన్‌చక్కీకీ పెట్టుకుంటే ప్లాన్ సరిగ్గా కుదురుతుంది.