45 యూరోల కాగితం

పారిస్‌లో ఆరు రోజులు. ఈఫిల్ టవర్, సైన్ నదిలో పడవ, అన్నీ బాగానే జరిగాయి, వాటి గురించి అందరూ రాసేశారు. నా బాధంతా ఒక కాగితం గురించి.

హోటల్ గది రాత్రికి 92 యూరోలు. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పితో మా ఆవిడ మొదటి రోజే మౌనవ్రతం పట్టింది. ఆ సందు చివరే ఒక పాత బొమ్మల కొట్టు. అందులో పారిస్ పక్కనున్న వెర్సాయ్ రాజభవనం తోటలోని లాబిరింత్ (చెట్ల మధ్య దారి తప్పించే చిక్కుదారులు) పటం కనిపించింది. 1677 నాటి పుస్తకంలోది, సెబాస్టియన్ లెక్లెర్ రాగిరేకు మీద చెక్కింది. వెర్సాయ్‌లో చెట్లు కూడా స్కేలు పెట్టి గీసినట్టే నిలబడతాయి కదా, ఈ ఒక్క మూలలో మాత్రం దారులు ఎటు పడితే అటు మెలికలు తిరిగాయి. కన్ను పెడితే బయటికి రాదు. కొట్టాయన "ఒరిజినల్" అని 60 చెప్పాడు. 45కి దించి, నన్ను మించిన బేరగాడు లేడనుకున్నాను.

రాత్రి మా అమ్మాయి ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి జూమ్ చేసింది. "నాన్నా, చుక్కలు!" అంది. న్యూస్‌పేపర్ ఫోటోలో ఉండే చుక్కలే. రాగిరేకు నుంచి తీసిన అచ్చులో గీత గీతలాగే ఉంటుంది, సిరా వేలికి కాస్త తగులుతుంది, చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తు పడుతుంది. ఇందులో అవేవీ లేవు. 4,500 రూపాయలకు జిరాక్స్ కొన్నానన్నమాట! మర్నాడు వెళ్తే కొట్టు మూసి ఉంది.

ఆ కోపంతోనే వెర్సాయ్ వెళ్లాం. రైలుకు మనిషికి అప్పట్లో 2.50 యూరోలు తీసుకున్నారు. నవంబరు కాబట్టి తోటకు టికెట్ లేదు, ఫౌంటెన్లూ లేవు, విగ్రహాలకు ముసుగులు. నీళ్లు చూడాలంటే ఏప్రిల్–అక్టోబరు మధ్య, ఫౌంటెన్లు వదిలే రోజు చూసుకుని, టికెట్ కొని వెళ్లండి. పటం పట్టుకుని లాబిరింత్ కోసం వెతికాను. అది ఎప్పుడో పోయింది. పదహారో లూయీ రాజు కాలంలో కొట్టేసి అక్కడ రాణి తోట వేశారు. ఒకప్పుడు అక్కడ ఈసపు కథలతో 39 ఫౌంటెన్లు ఉండేవి. జంతువుల నోళ్ల నుంచి చిమ్మే నీళ్లే వాటి మాటలు! ద్వారం దగ్గర ఒకవైపు ఈసపు, మరోవైపు దారపుండ పట్టుకున్న మన్మథుడు. ఇప్పుడు ఆ తోటలో నడవాలంటే లెక్లెర్ బొమ్మలే గతి. చలిలో అంతసేపు నిలబెట్టినందుకు మా ఆవిడ నన్నో చూపు చూసింది.

అసలు మంట చివరి రోజు లూవ్ర్ మ్యూజియం పుస్తకాల షాపులో. 1797లో పెట్టిన వాళ్ల విభాగం ఒకటుంది, పాత రాగిరేకుల నుంచే ఇప్పటికీ అచ్చులు తీయించి అమ్ముతుంది. వెర్సాయ్ బొమ్మలూ ఉంటాయి. అచ్చు కొత్తదే కానీ రేకు ఆనాటిది, ఆ మాట దాచరు కూడా. కొనాలనుకునేవాళ్లు నేరుగా అక్కడికే వెళ్లండి. నా జేబులో మాత్రం ఎయిర్‌పోర్ట్ రైలు డబ్బులే మిగిలాయి.

విమానంలో మా ఆవిడ ఆ పటం అడిగి తీసుకుంది. ద్వారం దగ్గర వేలు పెట్టి చాలాసేపు దారి వెతికి, ఒక ఫౌంటెన్ నంబరు దగ్గర ఆగి, "ఇక్కడ ఏ జంతువండీ?" అంది. నంబర్ల జాబితా ఉన్న పేజీ కొట్టాయన ఇవ్వలేదు.