రోడ్ రాష్: దెబ్బకూ దారికీ మధ్య నడిచే పందెం

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ విండోస్ 95 కోసం 1996లో విడుదల చేసిన బైకు పందేల గేమ్ రోడ్ రాష్ పేరు వినగానే చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది గొలుసు విసిరి పక్క బైకు మీద ఉన్నవాణ్ణి పడగొట్టడమే. ఆ జ్ఞాపకంలో తప్పేమీ లేదు గాని, అక్కడితో ఆగిపోతే ఈ గేమ్‌లోని అసలు పనితనం మరుగున పడుతుంది. ఇన్నేళ్ళ తర్వాత దీన్ని మళ్ళీ శ్రద్ధగా ఆడిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: ఇందులో కొట్లాట ఎప్పుడూ పందేనికి లోబడి ఉంటుంది, కొట్టిన ప్రతి దెబ్బకూ ఆటగాడు రోడ్డు మీద ఏదో ఒక మూల్యం చెల్లించవలసి వస్తుంది. ఆ మూల్యాన్ని ఇంత కచ్చితంగా తూచిన బైకు పందేల గేమ్‌ను నేను మరొకటి చూడలేదు.

ఈ గేమ్ పుట్టింది కంప్యూటరు మీద కాదు. 1991లో టీవీకి తగిలించి ఆడే సెగా మెగా డ్రైవ్ అనే గేమ్ యంత్రం మీద వచ్చిన తొలి రోడ్ రాష్‌లోనే దీని ఎముకల గూడు మొత్తం తయారైంది. కాలిఫోర్నియాలోని ఐదు దారులు, ఐదు స్థాయులు, పదిహేను మంది పందెగాళ్ళు, నాలుగో స్థానంలోనో అంతకన్నా ముందో చేరితేనే గెలుపు అన్న నియమం, గెలిచిన డబ్బుతో కొత్త బైకు కొనుక్కునే ఏర్పాటు, ఇవన్నీ అప్పటివే. 1994లో 3డీఓ అనే మరో గేమ్ యంత్రం కోసం ఆ గేమ్‌ను దాదాపు కొత్తగా నిర్మించారు. రోడ్డుకూ పరిసరాలకూ త్రిమితీయ రూపం ఇచ్చారు, పందెగాళ్ళను మాత్రం చదునైన బొమ్మలుగానే ఉంచారు. విండోస్ గేమ్‌కు ఆధారం ఈ 3డీఓ రూపమే.

ముందుగా కొట్లాట సంగతి. పిడిగుద్దుకూ కాలితన్నుకూ ఇక్కడ వేర్వేరు పనులు ఉన్నాయి, ఈ తేడా పట్టుబడేదాకా గేమ్ రుచి తెలియదు. పిడిగుద్దు ఎదుటివాడి శక్తిని కొంచెం కొంచెంగా తరిగిస్తుంది. ఆ శక్తి ఎంత మిగిలిందో తెర అడుగున కనిపించే పట్టీ చూపుతుంది, అది అయిపోతే అతడు బైకు మీద నుంచి పడిపోతాడు. తన్ను పని అది కాదు, అది ఎదుటివాణ్ణి పక్కకు నెడుతుంది. కాబట్టి ఎదురుగా కారు వస్తున్నప్పుడు, అతడు దానికీ మనకూ నడుమ ఉన్నప్పుడు, సరిగ్గా లెక్కకట్టి తన్నిన ఒక్క తన్ను పది పిడిగుద్దుల పని చేస్తుంది. అయితే ఆ కారును అతనికన్నా ముందు మనం చూసి ఉండాలి. కళ్ళు ప్రత్యర్థి మీద కాక రోడ్డు మీద ఉన్నవాడికే ఆ అవకాశం దొరుకుతుంది.

ఆయుధాలు లాక్కోవడంలో కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. లాఠీయో గొలుసో పట్టుకున్న ప్రత్యర్థి దాన్ని మన మీదకు ఎత్తిన క్షణంలోనే మనం చెయ్యి విసిరితే, ఆ ఆయుధం మన చేతికి వస్తుంది. ఒక్క క్షణం ముందు విసిరితే అది మామూలు గుద్దు అవుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే దెబ్బ మనకే తగులుతుంది. అంటే ఆయుధం కావాలనుకున్నవాడు దాని దెబ్బ తగిలేంత దగ్గరకు, తానుగా, తెలిసి వెళ్ళాలి. గంటకు నూరు మైళ్ళ వేగంతో మలుపులోకి దిగుతూ అంత దగ్గర మసలడంలో ఉన్న ఉత్కంఠను ఆ తర్వాత వచ్చిన ఎన్నో పెద్ద గేమ్‌లు ఇవ్వలేకపోయాయి. ఆయుధం దారిలో పడి ఉండి, మీదుగా వెళ్ళగానే చేతికి వచ్చి ఉంటే ఈ గేమ్ ఇన్నాళ్ళు నిలిచేది కాదని నా గట్టి నమ్మకం.

ఇక రోడ్డు. ఈ గేమ్‌లో నిజమైన ప్రత్యర్థి అదే. శాన్ ఫ్రాన్సిస్కోను తలపించే నగర వీధులు, పెనిన్సులా, పసిఫిక్ తీరపు రహదారి, సియెర్రా నెవాడా కొండలు, నాపా లోయ అనే ఐదు దారుల్లో దేని స్వభావం దానిదే. నగరంలో అడ్డరోడ్ల మీద వచ్చిపోయే వాహనాలు, మిట్టపల్లాలు కలిసి ఊపిరి తిప్పుకోనివ్వవు. సియెర్రా నెవాడాలో మలుపులే పరీక్ష. ప్రతి మిట్టా ఒక ప్రశ్న: వేగం తగ్గించకుండా ఎక్కితే బైకు గాలిలోకి లేస్తుంది, గాలిలో ఉన్నంతసేపు దిశ మార్చుకోవడం కష్టం, అవతలి వాలులో ఏ వాహనం ఉందో పైకి చేరేదాకా కనిపించదు. అమెరికాలో వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కనుక ఎదురు వాహనాలు మన ఎడమ పక్కనుంచి వస్తాయి. ఎడమవైపు నడపడం అలవాటైన వారికి మొదట్లో చెయ్యి పొరపాటున అటే లాగుతుంది, దాన్ని మార్చుకునేదాకా ఎదురు కార్లు కనికరించవు.

పడిపోవడాన్ని కూడా ఆటలో భాగం చేయడం ఈ రూపకర్తల గొప్ప ఆలోచన. మామూలు పందేల గేమ్‌లో గుద్దుకున్న వెంటనే బండి మళ్ళీ రోడ్డు మధ్యన ప్రత్యక్షమవుతుంది. ఇక్కడ రైడరు ఒక చోట, బైకు మరొక చోట పడతాయి, రైడరు లేచి బైకు దగ్గరకు పరుగెత్తాలి. ఆ పరుగులో రోడ్డు దాటవలసి వస్తే వచ్చే వాహనం మళ్ళీ ఢీకొట్టవచ్చు. ఈలోగా, మనం కష్టపడి దాటివచ్చిన ప్రత్యర్థులు ఒకరి తర్వాత ఒకరు కళ్ళముందే దూసుకుపోతారు. గెలవాలన్న పట్టుదల అంతటి బలంగా కలిగేది ఆ కొద్ది క్షణాల్లోనే. ఎక్కువసార్లు పడితే బైకు పూర్తిగా పాడై పందెం ముగిసిపోతుంది, మరమ్మతు ఖర్చు మన డబ్బులోంచి పోతుంది.

పోలీసు వచ్చేది కూడా ఆ డబ్బు మీదకే. ఇవి చట్టవిరుద్ధ పందేలు కాబట్టి మోటారుసైకిలు మీద వెంటపడే పోలీసు దగ్గరలో ఉన్నప్పుడు పడిపోయినా, ఆగిపోయినా పట్టుబడతాం, జరిమానా కట్టాలి. అతణ్ణి కూడా పడగొట్టవచ్చు, కాని అందుకోసం వేగం తగ్గించి అతని పక్కన నిలవాలి, ఆ పోరులో ఓడితే జరిమానా ఖాయం. డబ్బు చాలని రోజున మొత్తం ఆటే ముగుస్తుంది. కొత్త బైకు కొనాలా, మరో పందేనికి సరిపడా మిగుల్చుకోవాలా అన్న తర్జనభర్జన వల్ల ప్రతి పందెం మీదా బరువు పెరుగుతుంది. వేగవంతమైన బైకు కొన్నంత మాత్రాన సుఖం లేదన్నది మరో చక్కని మెలిక, ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ ఎదురు వాహనాన్ని తప్పించుకునే వ్యవధి తగ్గిపోతుంది.

సంగీతం గురించి కొద్ది మాటలు చాలు. 3డీఓ రూపం నుంచే సౌండ్‌గార్డెన్, మాన్‌స్టర్ మ్యాగ్నెట్, స్వెర్వ్‌డ్రైవర్ వంటి రాక్ బృందాల పాటలను అనుమతి తీసుకుని వాడారు. వీడియో గేమ్‌లకు ఇది ఆనాడు అరుదైన విషయం. మెనూల్లో, నటులతో తీసిన చిన్న వీడియోల్లో అవి అద్భుతంగా అమరాయి. పందెం నడుస్తున్నప్పుడు వినిపించే సంగీతం మాత్రం వాటి ముందు పలచగా ఉంటుంది.

లోపాలు లేవని చెప్పను. ఐదు స్థాయుల్లోనూ తిరిగి తిరిగి అవే ఐదు దారులు. స్థాయి పెరిగేకొద్దీ పందెం దూరం పెరుగుతుంది, ప్రత్యర్థులు చురుకవుతారు, రాకపోకలు చిక్కనవుతాయి, అయినా మూడో స్థాయి దాటాక కొత్త చోటు చూడాలన్న కోరిక తీరదు. సుదీర్ఘమైన పందెంలో చివరి మలుపు దగ్గర పడితే అంతసేపటి శ్రమ ఒక్కసారిగా వృథా అవుతుంది. ఉత్కంఠకు ఇది కారణమే అయినా, కొన్నిసార్లు ఆ శిక్ష పొరపాటు కన్నా పెద్దదిగా తోస్తుంది. అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టింది పాదచారుల విషయం. పందెంతో సంబంధం లేని మనుషులను ఢీకొట్టడాన్ని గేమ్ ఒక చిన్న అవాంతరంగా మాత్రమే చూస్తుంది. పందెగాళ్ళు తెలిసి బరిలోకి దిగినవారు, రోడ్డు దాటేవారు అలాంటివారు కారు. పిల్లల చేతికి ఇచ్చే ముందు పెద్దలు దీన్ని ఆలోచించాలి.

ఏ రూపాన్ని ఎంచుకోవాలని అడిగేవారికి నా సమాధానం వారు ఒంటరిగా ఆడతారా, తోడుతో ఆడతారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇద్దరు ఒకే తెర ముందు కూర్చుని ఒకేసారి పోటీపడాలంటే 1992లో వచ్చిన మెగా డ్రైవ్ రోడ్ రాష్ 2 తీసుకోవాలి. తెరను రెండుగా చీల్చి ఆడించే పద్ధతి, గొలుసు, ఉన్నట్టుండి వేగం పుంజుకోగల నైట్రో బైకులు ఈ వరసలోకి వచ్చింది దానితోనే, దారులు కూడా అలాస్కా నుంచి హవాయి దాకా విస్తరించాయి. మెగా డ్రైవ్ మీద వచ్చిన మూడు గేమ్‌లూ 2006లో పీఎస్‌పీ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం కోసం విడుదలైన ఈఏ రీప్లే సంకలనంలో ఒకేచోట దొరుకుతాయి. ఆ పాత గేమ్‌లలో తెర కదలిక కుదుపుగా ఉంటుంది, నేటి గేమ్‌లకు అలవాటైన కళ్ళు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఒంటరిగా ఆడేవారికి మాత్రం నగర వీధుల కోసమే అయినా 1996 నాటి విండోస్ రూపాన్నే సిఫారసు చేస్తాను. ఇది విండోస్ 95 కాలపు సాఫ్ట్‌వేర్ కాబట్టి నేటి కంప్యూటర్లలో సులభంగా నడవకపోవచ్చు, కొంత ఓపిక కావాలి.

మొదలుపెట్టేవారు డబ్బు లెక్కలు లేని థ్రాష్ పద్ధతిలో ముందు పసిఫిక్ తీరపు రహదారి మీద, ఎవరినీ కొట్టకుండా, కేవలం దారి నేర్చుకోవడానికి ఆడితే మంచిది. మిట్టల మీద బైకు అదుపులోకి వచ్చాక తన్ను, ఆ తర్వాత ఆయుధం లాక్కోవడం సాధన చేసి, అప్పుడు డబ్బు పణంగా పెట్టే బిగ్ గేమ్ పద్ధతిలోకి దిగితే తొలి స్థాయిలోనే ఖజానా ఖాళీ అయ్యే ప్రమాదం తప్పుతుంది.