చుక్కలు చూపించిన డిక్షనరీ యాప్

ఈ ఇంగ్లీష్ డిక్షనరీ యాప్‌లో పదాలు సరిపోయినన్ని ఉన్నాయి, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. వాటి గురించి అందరూ రాసేశారు. నా గొడవంతా పదం మధ్యలో పెట్టే ఆ చుక్కల మీదే.

చుక్క ఉన్నచోట సిలబుల్, అంటే ఒక్క ఊపులో పలికే ముక్క, తెగిందనుకుంటాం. కాదు. అచ్చు వేసిన పేజీలో లైను చివర హైఫన్ పెట్టి పదాన్ని ఎక్కడ విరవొచ్చో చెప్పే గుర్తు అది. ఒక్క ఇంగ్లీష్ అక్షరాన్ని విడిగా వదలకూడదని అక్కడ నియమం. అందుకే ‘ఎవల్యూషన్’కి చుక్కలు రెండే, మొదటి మూడు ఇంగ్లీష్ అక్షరాలూ (evo) ఒకే ముక్క. నోట్లో మాత్రం నాలుగు సిలబుల్స్: ఎ-వ-లూ-షన్. ‘అమీబా’ మరీ అన్యాయం, ఒకే చుక్క! పలికితే అ-మీ-బ, మూడు. సెమినార్‌లో ఈ పదాలు సరిగ్గా పలకాలని ముందు రోజు రాత్రి చుక్కలు లెక్కపెట్టుకుని కూర్చునేవాళ్ల గతి ఏమిటో యాప్ చేసినవాళ్లకే తెలియాలి.

నమ్మాల్సింది కింద చిన్న అక్షరాల్లో ఉండే ఉచ్చారణ వరసని. అందులో పైన నిలువు గీత ఉంటే దాని తర్వాతి సిలబుల్ మీద అసలు స్ట్రెస్ (ఒత్తి పలకడం), గీత కింద ఉంటే రెండో స్ట్రెస్. ఈ వరస నిజంగా బాగుంది. కాకపోతే మూలపదానికే. ‘క్రోమటోగ్రఫీ’కి గీతలిచ్చి, ‘క్రోమటోగ్రాఫిక్’ని ఏ గీతా లేకుండా పద్దు చివర పడేస్తుంది. స్ట్రెస్ జరిగేది సరిగ్గా అక్కడే. -గ్రఫీ, -లజీ, -మెట్రీతో ముగిస్తే చివరి నుంచి మూడో సిలబుల్ మీద: క్రో-మ-‘టా’-గ్ర-ఫీ. -ఇక్‌తో ముగిస్తే సాధారణంగా చివరి నుంచి రెండోదాని మీద: క్రో-మ-ట-‘గ్రా’-ఫిక్. ‘అరిథ్మెటిక్’ నామవాచకమైతే ఈ లెక్కకి లొంగదు, ‘రి’ మీదే పడుతుంది. మైక్రోమీటర్ కొలత అయితే ‘మై’ మీద, పరికరమైతే ‘క్రా’ మీద.

పొడుగు పదాన్ని తోక నుంచి పట్టుకోవాలి: ఫీ, గ్రఫీ, టాగ్రఫీ, మటాగ్రఫీ, క్రోమటాగ్రఫీ. మొదటి నుంచి వెళ్తే స్ట్రెస్ దగ్గరికి వచ్చేసరికి ఊపిరీ అయిపోతుంది, గొంతూ పడిపోతుంది. తొమ్మిది సిలబుల్స్ ఉన్న ‘ఎలక్ట్రోఎన్‌సెఫలోగ్రఫీ’ని కూడా ‘లాగ్రఫీ’ కుదిరాకే ముందుకి పెంచుకుంటూ పోవాలి. యాప్‌లో ఆడియో పదం మొత్తాన్నీ ఒక్క దెబ్బకి వదులుతుంది, ముక్కలుగా వినే వీల్లేదు.

బెంగళూరు ల్యాబుల్లో మనమూ, కన్నడవాళ్లూ, మలయాళీలూ ప్రతి అక్షరాన్నీ సమానంగా సాగదీసినా ఒకరి మాట ఇంకొకరికి అందుతుంది. అంతవరకే పని అయితే దీనికి డబ్బు కట్టక్కర్లేదు. బయటి దేశపు రీసెర్చ్ గైడుతో నెలనెలా కాల్ ఉన్నవాళ్లు తీసుకోవచ్చు, అదీ ఏడాది ప్లాన్ కాకుండా, చుక్కల వైపు చూడకుండా.