కంట్రిబ్యూటర్ కవనెంట్ 2.1: మొదటి మెట్టు బంగారం, రెండో మెట్టు దగ్గరే తంటా

ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లు, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్‌లు, తమ దగ్గరికి వచ్చేవాళ్ళ ప్రవర్తన కోసం పెట్టుకునే రెడీమేడ్ నియమావళి కంట్రిబ్యూటర్ కవనెంట్. దాన్ని పొగిడేవాళ్ళూ తిట్టేవాళ్ళూ ఎక్కువగా మాట్లాడేది పై సగం గురించే. వేధింపులు వద్దు, వ్యక్తిగత దూషణ వద్దు, ఒకరి అడ్రస్ ఇంకొకరు బయటపెట్టొద్దు, ఇవన్నీ ఎవరైనా ఒప్పుకునేవే కాబట్టి వాటి జోలికి పోను. నాకు ఇందులో మొదట్నుంచీ నచ్చింది కింది సగంలో 'కరెక్షన్' అని ఉన్న చిన్న పేరా. నన్ను ఏడిపించింది దాని కిందే 'వార్నింగ్' అని ఉన్న పేరా. ఇక్కడ రాసేదంతా ఆ రెండింటి గురించే.

నేను ఒక మధ్యస్థాయి ఓపెన్ సోర్స్ లైబ్రరీకి మెయింటెయినర్లలో, అంటే దాన్ని నడిపేవాళ్ళలో, ఒకణ్ణి. కోడ్ పంపేవాళ్ళలో కొందరు తమ కంపెనీ పనిలో భాగంగా వస్తారు, మిగతావాళ్ళు రాత్రిళ్ళూ సెలవుల్లోనూ. ప్రవర్తన మీద ఫిర్యాదులు వచ్చే మెయిల్ నేనూ, ఇంకో మెయింటెయినరూ చూస్తాం. ముందు 1.4 వెర్షన్ వాడాం, తర్వాత 2.1కి మారాం. మారడానికి కారణం ఒక్కటే. 1.4లో వ్యాఖ్య తీసేసే హక్కు ఉంది, మనిషిని బ్యాన్ చేసే హక్కు ఉంది, ఆ రెండింటి మధ్య ఏం చేయాలో మాత్రం 'అవసరమైన, తగిన స్పందన' అని వదిలేశారు. 2.0 వచ్చేసరికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్ళ పద్ధతిని చూసి నాలుగు మెట్లు చేర్చారు: కరెక్షన్, వార్నింగ్, తాత్కాలిక బ్యాన్, శాశ్వత బ్యాన్.

మొదటి మెట్టు చెప్పేది చాలా తక్కువ. ప్రైవేటుగా, రాతపూర్వకంగా హెచ్చరిక పంపాలి, ఏది తప్పో స్పష్టంగా చెప్పాలి, అది ఎందుకు తగదో వివరించాలి. చదివితే ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ 'ఎందుకు' అన్నది కచ్చితంగా రాయాల్సి వచ్చేసరికి పంపేవాళ్ళ మీద కూడా బాధ్యత పడుతుంది. "మీ టోన్ బాలేదు" అని ఒక ముక్క పంపి చేతులు దులుపుకోవడం కుదరదు. వాక్యం ఎత్తి చూపించాలి, దానివల్ల అవతలివాళ్ళకి ఏం జరిగిందో చెప్పాలి.

మా దగ్గర ఒకతను ఉన్నాడు. కాంకరెన్సీ కోడ్‌లో, అంటే ఒకేసారి చాలా పనులు నడిపే కోడ్‌లో, అతన్ని మించినవాళ్ళు మాకెవరూ లేరు, కానీ ఇంకొకరి కోడ్ రివ్యూకి కూర్చున్నాడంటే కొత్తవాళ్ళు హడలిపోయేవాళ్ళు. ఒకసారి ఒక కొత్త కుర్రాడి పుల్ రిక్వెస్ట్ (చేర్చమని పంపిన కోడ్ మార్పు) కింద "మ్యూటెక్స్ ఎలా పనిచేస్తుందో చదవకుండానే పంపేశారా? ఇది కూడా తెలీదా?" అని రాశాడు (మ్యూటెక్స్ అంటే ఒకే డేటాని రెండు పనులు ఒకేసారి ముట్టుకోకుండా వేసే లాక్). బూతు లేదు, బెదిరింపు లేదు. తీసేసేంత పెద్దదీ కాదు, వదిలేసేంత చిన్నదీ కాదు. సరిగ్గా ఇలాంటి చోటే 1.4 చేతులెత్తేసేది.

మేం అతనికి పంపిన మెయిల్ ఇలా ఉంది: "ఈ పుల్ రిక్వెస్ట్‌లో మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో కోడ్ గురించి ఏమీ లేదు. అవి చదివాక లాక్ వరుస ఎందుకు తప్పో ఆ అబ్బాయికి తెలియలేదు, తనకేమీ తెలియదని మీరు అనుకుంటున్నారన్నది మాత్రం తెలిసింది. ఎక్కడ ఏమవుతుందో చెబుతూ దాన్ని తిరగరాయగలరా?" ప్రోగ్రామర్లు కలిసి నేర్చుకునే రికర్స్ సెంటర్ వాళ్ళ సామాజిక నియమాల్లో ఒకటుంది, ఎదుటివాళ్ళకి ఫలానాది తెలియదని తెలిసినప్పుడు ఆశ్చర్యం నటించొద్దని. మా మెయిల్‌కి మూలం అదే. ఆ ఒక్క నియమం ప్రతి రివ్యూయర్‌కీ చూపించదగ్గదని నా అభిప్రాయం.

గొడవ పెట్టుకుంటాడేమో అని ఇద్దరికీ టెన్షన్‌గానే ఉంది. మర్నాడు చూస్తే వ్యాఖ్య మారిపోయి ఉంది. "ఇక్కడ క్యూ లాక్ తీసుకున్నాక ఫైల్ లాక్ తీసుకుంటున్నారు, ఫ్లష్ ఫంక్షన్‌లో ఫైల్ లాక్ ముందు ఉంది. రెండు థ్రెడ్‌లు ఒకేసారి వస్తే డెడ్‌లాక్. ఇక్కడ వరుస మారిస్తే చాలు." డెడ్‌లాక్ అంటే ఒకదాని కోసం ఒకటి ఆగి రెండూ కదలకపోవడం. ఆ కుర్రాడు మార్చాడు, మెర్జ్ అయింది, అంటే అతని కోడ్ ప్రాజెక్ట్‌లో కలిసింది. మాకు మాత్రం ఒక్క లైన్ జవాబు వచ్చింది, ఇంతవరకు తనని బ్లాక్ చేస్తామన్నవాళ్ళే గానీ ఏ వాక్యం ఎందుకు తప్పో చెప్పినవాళ్ళు లేరని. అతను ఇప్పటికీ మా దగ్గర రివ్యూలు చేస్తున్నాడు. చురుగ్గానే రాస్తాడు, అప్పుడప్పుడు కటువుగా కూడా, కానీ మాట కోడ్ దాటి మనిషి మీదికి వెళ్ళదు. ఒక మంచి ఇంజనీర్‌నీ ఒక కొత్తవాణ్ణీ ఇద్దరినీ నిలబెట్టిన పేరా అది. అందుకే దాని మీద నాకంత ఇష్టం.

2.1 పెట్టిన కొత్తలో ఎవరు అడిగినా ఈ సంగతే చెప్పేవాణ్ణి. ఇప్పుడూ చెబుతాను గానీ ఒక మాట కలుపుతాను. హెచ్చరిక ప్రైవేటుగా వెళ్తుంది కాబట్టి, బయట నుంచి చూసేవాళ్ళకి ఏమీ జరగనట్టే ఉంటుంది. అందరి ముందూ ఒక మాట పడింది, దాని మీద ఎవరూ నోరు మెదపలేదు, అంతవరకే కనిపిస్తుంది వాళ్ళకి. అలా చూసి నోరెత్తకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో మనకి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే వాళ్ళు ఫిర్యాదు కూడా చేయరు. బహిరంగ క్షమాపణ అడగొచ్చని ఆ పేరాలోనే ఉంది, కానీ అది అడిగితే చాలాసార్లు ప్రైవేటు మెయిల్ వల్ల వచ్చిన మేలంతా పోతుంది. మేం చేసేదేంటంటే, వ్యాఖ్యని గిట్‌హబ్‌లో (మా కోడ్ ఉండే సైట్) హైడ్ చేసి కింద "దీని గురించి సంబంధించినవాళ్ళతో మాట్లాడాం" అని ఒక్క వాక్యం పెడతాం. ఎవరితో, ఏం మాట్లాడాం అన్నది ఉండదు. ఆ ఒక్క వాక్యం నియమావళిలోనే ఉండాల్సింది.

ఇక రెండో మెట్టు. వార్నింగ్ అందుకున్న వ్యక్తి ఆ ఘటనలో ఉన్నవాళ్ళతో కొంతకాలం ఏ రకంగానూ సంప్రదింపులు పెట్టుకోకూడదు, సోషల్ మీడియాలో కూడా. కాగితం మీద ఎంతో సబబుగా ఉంది. దీనికి కొంచెం పైనే ఇంకో వాక్యం ఉంది, ఫిర్యాదు చేసినవాళ్ళ గోప్యతనీ భద్రతనీ కాపాడటం బాధ్యుల విధి అని. అదీ సబబే. రెండూ కలిపి ఒక చిన్న ప్రాజెక్ట్‌లో అమలు చేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

మా స్టోరేజ్ మాడ్యూల్ లోతుగా తెలిసినవాళ్ళు ఇద్దరే, ఒక సీనియర్, ఆయన తర్వాత చేరిన ఒకావిడ. ఆయన చాలాకాలంగా ఆవిడ ప్రతి డిజైన్ ప్రతిపాదన కిందా "ఇదివరకే చెప్పాను, అర్థం కాకపోతే వదిలేయండి" తరహాలో రాస్తూ వచ్చాడు. ఒకసారి కరెక్షన్ వెళ్ళింది, కొన్నాళ్ళు ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆవిడ మాకు మెయిల్ చేసింది, తన పేరు బయటికి రాకూడదని కోరుతూ. నియమావళి ప్రకారం అది వార్నింగే. మరి ఎవరితో మాట్లాడొద్దని రాయాలి? ఆవిడ పేరు రాస్తే ఫిర్యాదు చేసింది ఎవరో చెప్పేసినట్టే. రాయకపోతే ఆ నిషేధానికి అర్థమే లేదు. మాతో సమస్య చెప్పుకున్న మనిషికి మేం ఇచ్చిన మాట ఒకవైపు, అమలు చేయమని అదే పత్రం చెప్పిన శిక్ష ఒకవైపు. చివరికి ఆవిణ్ణే అడిగి, ఒప్పుకున్నాక, పేరుతోనే పంపాం. ఒప్పుకోవడం తప్ప ఆవిడకి వేరే దారి ఏముంది అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ తొలుస్తూనే ఉంటుంది.

అసలు తంటా ఆ తర్వాత. మా రిపోజిటరీలో (కోడ్ ఉండే చోట) కోడ్‌ఓనర్స్ ఫైల్ ఉంది, ఏ కోడ్‌కి ఎవరు బాధ్యులో అందులో ఉంటుంది, స్టోరేజ్ కోడ్‌కి ఓనర్లుగా ఆ ఇద్దరి పేర్లే ఉన్నాయి, మెయిన్ బ్రాంచ్‌లో, అంటే అసలు కోడ్‌లో, ఏది చేరాలన్నా కోడ్ ఓనర్ ఆమోదం తప్పనిసరి. ఎవరి పుల్ రిక్వెస్ట్‌ని వాళ్ళే ఆమోదించుకోవడానికి గిట్‌హబ్ ఒప్పుకోదు. అంటే ఆవిడ పంపిన ప్రతి మార్పూ ఆటోమేటిక్‌గా ఆయనకే రివ్యూకి వెళ్తుంది, ఆయనేమో ఆవిడతో మాట్లాడకూడదు. ఆయన మాటకి కట్టుబడి ఏ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు, ఆ విషయంలో ఆయన్ని అనడానికి లేదు. ఆవిడ పని మొత్తం ఆగిపోయింది. ఆగినవాటిలో, డిస్క్ నిండిపోయినప్పుడు సగం రాసిన రికార్డ్ మిగిలిపోయే బగ్‌కి ఫిక్స్ కూడా ఉంది. ఆయన పుల్ రిక్వెస్ట్‌లు ఆవిడ ఆమోదించవచ్చు, ఎందుకంటే నిషేధం ఆయన మీదే, కాబట్టి ఆయన పని నడుస్తూనే ఉంది. నోరు జారిన మనిషికి ఏ ఇబ్బందీ లేదు, ఫిర్యాదు చేసిన మనిషి ఖాళీగా కూర్చుంది. పైగా ఆవిడ తన కంపెనీ తరఫున ఈ పని చేస్తోంది, అక్కడ ఎందుకు ఆలస్యమని అడిగితే ఏం చెబుతుంది? కొన్నాళ్ళకి ఆవిడే రాసింది, దయచేసి ఆ వార్నింగ్ ఎత్తేయండి, నా పని నడవాలి అని.

ఆ మెయిల్ చదివినప్పుడు కలిగిన కోపం ఇంకా తగ్గలేదు. ఆయన మీద కంటే ఆ పేరా మీదే ఎక్కువ. మాట్లాడుకోవడం వేరు, పని చేసుకోవడం వేరు అన్నట్టు రాశారు దాన్ని. మా వృత్తిలో రివ్యూ అంటే మాట్లాడుకోవడమే కదా.

పెద్ద ప్రాజెక్ట్‌లలో కూడా శిక్ష పనిని తాకుతూనే ఉంటుంది. లైనక్స్ కెర్నల్ ప్రాజెక్ట్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూల కోడ్ రాసేవాళ్ళు) 2018 సెప్టెంబర్‌లో తన పాత 'కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్'ని పక్కనబెట్టి ఈ కవనెంట్ 1.4నే తీసుకుంది. 2024 నవంబర్‌లో ఒక ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళు దాచే కోడ్) మెయింటెయినర్ మీద చర్య తీసుకున్నప్పుడు 6.13 వెర్షన్ డెవలప్‌మెంట్ సైకిల్‌లో ఆయన పుల్ రిక్వెస్ట్‌లు తీసుకోబోమన్నారు. అంటే శిక్షని రోజుల్లో కాకుండా రిలీజ్ సైకిల్‌లో కొలిచారు, అవతలివైపు ఆ ఫైల్‌సిస్టమ్ వాడేవాళ్ళు ఉన్నా సరే. దాని మంచిచెడ్డల్లోకి వెళ్ళను, కానీ కనీసం ఏది ఆగుతుందో అందరికీ ముందే తెలిసింది. 2.1లో వార్నింగ్ పేరా రాసినవాళ్ళు ఆ లెక్క వేసినట్టు కనబడదు. రస్ట్ ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్ట్‌లో ప్రవర్తన ఫిర్యాదులు చూసే మోడరేషన్ టీమ్ 2021 నవంబర్‌లో మొత్తంగా రాజీనామా చేసింది, కోర్ టీమ్ ఎవరికీ జవాబుదారీ కాకుండా తనని తాను నిలబెట్టుకుందని చెబుతూ. మెయింటెయినర్ల మీదే ఫిర్యాదు వస్తే ఎవరు చూడాలన్నది వేరే పెద్ద కథ, మాకు ఇంకా ఆ పరిస్థితి రాలేదు కాబట్టి దాని మీద నా అనుభవం సున్నా.

మేం రెండో మెట్టుని మార్చుకున్నాం. ఇప్పుడు మా కాపీలో 'ఘటనలో ఉన్నవాళ్ళతో మాట్లాడొద్దు' అని లేదు. వార్నింగ్ వచ్చినవాళ్ళు ఆ కాలమంతా ఆ మాడ్యూల్‌లో ఎవరి కోడ్‌నీ రివ్యూ చేయరు, డిజైన్ చర్చల్లో రాయరు, తమ కోడ్ మాత్రం పంపొచ్చు. ఒక్కరి పేరు చెప్పాల్సిన పని లేదు కాబట్టి ఫిర్యాదు ఎవరిదో అంత తేలిగ్గా తెలియదు. దాంతోపాటు ప్రతి మాడ్యూల్‌కీ మూడో ఓనర్ ఉండాలని పెట్టుకున్నాం. స్టోరేజ్‌కి మూడో మనిషిని తయారుచేయడానికి చాలా కాలం పట్టింది. ఆవిడా ఆయనా ఇద్దరూ ఇంకా ఉన్నారు, ఒకరి కోడ్ ఒకరు చూసుకోరు, పని జరుగుతోంది.

2025లో వచ్చిన 3.0లో ఈ చోటు బాగుపడింది. అందులో రెండో మెట్టు పేరే 'తాత్కాలికంగా పరిమితమైన కార్యకలాపాలు', ఆ మెట్టులో పెట్టే విరామాన్ని కొన్ని చానెళ్ళకో కొందరు వ్యక్తులకో పరిమితం చేయొచ్చు అని రాశారు. 'చేయొచ్చు' అన్నందువల్ల మాలాంటివాళ్ళకి ఊపిరాడుతుంది. శాశ్వత బ్యాన్ తప్ప మిగతా మెట్లన్నిట్లో జరిగిన నష్టాన్ని ఎలా సరిదిద్దుకోవాలో కూడా చేర్చారు. మేం ఇంకా దానికి మారలేదు, అమలులో ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

తీసుకోవాలా వద్దా అంటే, మాది కొద్దిమంది నడిపే ప్రాజెక్ట్, ఫిర్యాదులు చూసేది ఇద్దరం, ఇద్దరికీ వేరే ఉద్యోగాలున్నాయి. సొంతంగా నియమావళి రాసుకునే తీరిక మాకు లేదు, కాబట్టి ఇది మాకు దొరికినవాటిలో మంచిదే. ప్రత్యేకంగా మోడరేషన్ టీమ్ ఉన్నవాళ్ళకి, ప్రతి మాడ్యూల్‌కీ అయిదారుగురు రివ్యూయర్లు ఉన్నవాళ్ళకి రెండో మెట్టు బహుశా ఏ ఇబ్బందీ పెట్టదు. 2.1 అలాగే కాపీ చేసుకునేవాళ్ళు ముందు మీ కోడ్‌ఓనర్స్ ఫైల్ తెరిచి, ఎక్కడెక్కడ ఇద్దరి పేర్లే ఉన్నాయో చూసుకోండి. ఫిర్యాదు ఎవరికి పంపాలో చెప్పే చోట 'ఇన్సర్ట్ కాంటాక్ట్ మెథడ్' అని బ్రాకెట్లలో అలాగే వదిలేసిన రిపోజిటరీలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి, అక్కడ రెండు వేర్వేరు మెయిల్ అడ్రస్‌లు పెట్టండి, ఫిర్యాదు అందులో ఒకరి మీదే అయితే రెండోవాళ్ళకి పంపుకోవచ్చు.