రేనాక్స్ డీసీఆర్-250: రెండేళ్ల వాడకం తర్వాత

మ్యాక్రో లెన్సుకు డబ్బు చాలక పురుగుల ఫొటోల ఆశ వదులుకున్నవాళ్లు 55-250 మి.మీ. జూమ్ లెన్సు ఉంటే, దాని ముందు తగిలించే ఈ చిన్న గాజును నమ్మకంగా కొనుక్కోవచ్చు. అనంతపురం చుట్టుపక్కల జిల్లేడు పొదల దగ్గర, వేరుశనగ చేలల్లో రెండేళ్లు వాడాక చెబుతున్న మాట ఇది.

ఇది 8 డయాప్టర్ల (కళ్లజోడు పవర్‌ను కొలిచే లెక్క) క్లోజప్ లెన్సు, అంటే ఫోకల్ లెంగ్త్ 125 మి.మీ. జూమ్ ఫోకస్‌ను ఇన్ఫినిటీలో, అంటే అతి దూరానికి ఉంచితే లెక్క తేలిక: జూమ్ రింగు మీది మి.మీ. అంకెను 125తో భాగించడమే. 125 దగ్గర పురుగు సెన్సర్ మీద అసలు సైజులో పడుతుంది, 250 దగ్గర రెండింతలు. కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాల్లా (ఎక్స్‌టెన్షన్ ట్యూబులు) వెలుగు తినదు. పురుగు గాజుకు సుమారు 12 సెం.మీ. దూరంలో ఉండాలి. పేనుబంకకు ఇది ధారాళం, తూనీగ మాత్రం అంత దగ్గరికి రానివ్వదు. జూమ్ బాగా తగ్గిస్తే మూలలు నల్లబడతాయి. స్ప్రింగు క్లిప్పు ఉంది గానీ, లెన్సు ముందు మర సైజును 58 మి.మీ. నుంచి 43 మి.మీ.కు తగ్గించే రింగుతో తిప్పి బిగించుకుంటేనే గాజు కదలదు.

అసలు కష్టం ఫోకస్‌ది. లెన్సు రంధ్రాన్ని ఎఫ్11కు చిన్నది చేసినా అసలు సైజు దగ్గర స్పష్టంగా వచ్చే మందం అర మిల్లీమీటరు లోపే, రెండింతల దగ్గర దానిలో నాలుగో వంతు. ఆటోఫోకస్ ఆపేసి, ఎడమ చేత్తో కొమ్మను పట్టుకుని, అదే పిడికిలి మీద లెన్సును ఆనించండి. ఇక కొమ్మ ఊగితే కెమెరా కూడా దాంతోనే ఊగుతుంది. ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి ముందుకు జరుగుతూ, పురుగు కన్ను తేటపడగానే నొక్కాలి. పదింటిలో రెండు కుదిరితే మంచి రోజే. ఆషాఢం గాలిలో అదీ కుదరదు. మార్గశిరంలో తెల్లవారి ఆరు నుంచి ఏడున్నర వరకు పురుగులు చలికి కదలవు.

షట్టర్ 1/200, ఐఎస్ఓ 200, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/8 లేదా 1/16 వంతు శక్తి. ఈ గాజు ఎంత మంచిదైనా ఫ్లాష్ ముందు డిఫ్యూజర్ (వెలుగును మెత్తగా పరిచే తెర) లేకపోతే వృథా. పార్సిల్ పెట్టెల్లో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటు రెండు పొరలు చాలు. అది ఫ్లాష్‌కు అంటుకోకుండా జానెడులో సగం దూరం ఉండాలి, అంచు గాజు దాటి పురుగు మీదికి వంగాలి. అంటించేస్తే వెలుగు మళ్లీ చిన్న చుక్కే అవుతుంది, అక్షింతల పురుగు వీపు మీద తెల్లమచ్చ పడి ఎరుపు మాయమవుతుంది. సరిగ్గా పెట్టిన రోజున జిల్లేడు మీది పసుపుపచ్చటి పేనుబంక నల్లకాళ్లు, వెనక ఉన్న రెండు నల్లటి గొట్టాలు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

ఆరుద్ర పురుగుకు 125 చాలు. ఆ ముఖమల్ ఎరుపు తొందరగా మాడిపోయి నూగు ముద్దకడుతుంది కాబట్టి ఫ్లాష్ ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గించి, కెమెరా మార్చని రా ఫైలులోనే తీయండి.