అరటితోటలో పురుగుమందు మానేసి ఆరేళ్లు: వేపనూనె, బోదె ముక్కలు, దశపర్ణి

మాది కోనసీమ, రావులపాలెం దగ్గర. ఎకరన్నరలో కర్పూర చక్కెరకేళి. పురుగుమందు మానేసి ఆరేళ్లయింది. ఇన్నాళ్లు వాడినవాటిలో పేరు వేపనూనెది, పని మాత్రం పైసా ఖర్చులేని బోదె (అరటి కాండం) ముక్కది.

గెల కోశాక బోదెను అడుగున్నర ముక్కలుగా నరికి, నిలువునా చీల్చి, కోసిన వైపు నేలకి ఆనేలా చెట్ల మొదళ్లలో బోర్లిస్తాను. ఆ వాసనకి రాత్రికి రాత్రే దుంపని తొలిచే ముక్కు పురుగులు చేరతాయి. తెల్లారి తిరగేస్తే నల్లగా, బియ్యంలో పురుగుకి పెద్దన్నలా కనిపిస్తాయి. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుంటాయి. నమ్మి వదిలేశామా, మళ్లీ దుంపలోకే. ఏరి సబ్బునీళ్ల డబ్బాలో వేసేస్తాను. మొదటి ఏడాది ఒక్క ముక్క కిందే పదకొండు దొరికాయి, ఇప్పుడు రెండో మూడో. వారం తిరక్కుండా ముక్కలు మార్చాలి, లేదంటే అందులోనే గుడ్లు పెడతాయి. ఓసారి పెళ్లి హడావుడిలో పడి మార్చలేదు. నేనే వాటికి పురుడు పోసినట్టయింది!

వేపనూనె లీటరు నీళ్లకి 5 మి.లీ., కాస్త సబ్బునీళ్లు కలిపి. సబ్బు లేకపోతే నూనె పైనే తేలిపోతుంది, అరటాకు మీద అస్సలు నిలవదు. రసం పీల్చే పేనుబంక మొవ్వులో, ఆకు తొడిమల సందుల్లో దాక్కుంటుంది కాబట్టి అక్కడ తడపాలి, అదీ సాయంత్రం పూటే. రసాయన మందులా వెంటనే రాలిపోవు. మొదట్లో దండగనుకున్నాను. అయినా వదల్లేదు, ఎందుకంటే ఆకులు కురచబడి పైన గుత్తిలా అయిపోయే బంచీటాప్ తెగులు వైరస్‌ను చెట్టు నుంచి చెట్టుకి మోసేది ఈ పేనుబంకే. ఆ తెగులు తగిలాక ఏ కషాయమూ దిక్కు కాదు. నా తోటలో నాలుగు చెట్లకి వచ్చింది. ముందు పేనుబంక చావడానికి పిచికారీ చేసి, తర్వాత దుంపతో సహా పీకేశాను. ఊరికే పీకితే అవి పక్క చెట్టెక్కుతాయి.

పది రకాల ఆకులు ఊరబెట్టి చేసే దశపర్ణి కషాయం గురించి మా ఇంట్లో అడక్కండి. పెరట్లో డ్రమ్ము ఉన్న నెలరోజులూ మా ఆవిడ అటు కిటికీ తెరవలేదు. ఆకు తినే పురుగుకి ఫర్వాలేదు, బోదెలో దూరినదానికి తగలనే తగలదు.

నేను ఓడిపోయింది సిగటోకా ఆకుమచ్చ దగ్గర. ఒక ఏడు ముసురు వదల్లేదు. పుల్లమజ్జిగ కొట్టాను, తెగుళ్లని అడ్డుకునే మంచి బ్యాక్టీరియా సూడోమోనాస్ కొట్టాను, అయినా ఆకులు మాడిపోయి గెలలు ఊరలేదు. బేరగాడు ధర తెగ్గోశాడు. ఇప్పుడు వానలకి ముందే మురుగు కాలవ తీసి, మచ్చ పడ్డ ఆకుని అప్పటికప్పుడు కోసేస్తున్నాను. కొంత నయం, అంతే.

మందుల షాపు బాకీ పోయింది గానీ శ్రమ పెరిగింది. ఎకరన్నర కాబట్టి పొద్దున్నే నేనూ మా ఆవిడా ముక్కలన్నీ తిరగేసి వచ్చి టీ తాగుతాం. అయిదెకరాలైతే కూలీని పెట్టాల్సిందే.